నాకు రాని కామెర్లు

మా చెల్లెలి మనవరాలు మైత్రి ఈ వేసవిలో బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చి నన్ను నాలుగు రోజులు మంచాన పడేసింది. ఇందులో ఆ పిల్ల తప్పేమీ లేదు. నాచారంలో ఒక పాత గోడౌను పడగొట్టి, నేలంతా ఆకుపచ్చ తివాచీ పరిచి, చుట్టూ వల కట్టి, గంట చొప్పున ఆడుకోవడానికి ఇస్తున్నారు. దాన్ని టర్ఫ్ అంటారట. మైత్రికి పదిహేనేళ్లు. ఫుట్‌బాల్ ఆడుతుంది, అదీ సరదాకి కాదు, అక్కడి పెద్ద జట్లవాళ్లు వచ్చి చూసి పేరు రాసుకుని వెళ్లేంతగా ఆడుతుంది. సెలవుల్లో కూడా సాధన తప్పకూడదని, పొద్దున్నే తోడు వెళ్లమని మా చెల్లెలు నాకు పురమాయించింది. గేటు పక్కన బెంచీ మీద కూర్చుని పేపరు చదువుకుంటే నా పని అయిపోయేది. మూడో రోజు బంతి దొర్లుకుంటూ వచ్చి నా చెప్పుల దగ్గర ఆగింది. "తాతయ్యా, పాస్!" అంది మైత్రి. అరవై దాటినవాడికి ఉండాల్సిన బుద్ధి ఆ క్షణంలో నాకు లేకపోయింది. లేచి ఎడమ కాలితో తన్నాను. బంతి వెళ్లాల్సిన చోటికే వెళ్లింది. తొడలో నరం మాత్రం దాని వెంటే వెళ్లిపోయింది. ఉప్పల్‌లో మా ఇంటి ముందు ఆటో దిగేసరికి మా ఆవిడ తలుపు తీసి, ముందు నా కాలినీ తర్వాత నా ముఖాన్నీ చూసి, "స్టోర్సు డిపార్టుమెంటులో ముప్ఫయ్యేళ్లు కూర్చున్న కాళ్లండీ అవి. కాస్త చెప్పి వాడుకోవాలి" అంది.

మైత్రి మాత్రం నవ్వలేదు. ఐసు ముక్కలు తువ్వాల్లో చుట్టి తొడ మీద పెడుతూ, "తాతయ్యా, ఎడమ కాలు మీకు ఎవరు నేర్పారు? మా టీమ్‌లో సగం మందికి అలా రాదు" అని అడిగింది. ఈ ఇంట్లో నన్ను ఒకరు మెచ్చుకుని చాలా కాలమైంది కాబట్టి ఆ మాటను కాసేపు ఆస్వాదించాను గానీ, జవాబు మాత్రం చెప్పలేదు. మర్నాడు మధ్యాహ్నం నా మంచం పక్కన కుర్చీలో కూర్చుని తన సంగతి తనే చెప్పుకొచ్చింది. ఐర్లాండు ఒకటే దీవి అయినా జట్లు రెండట. ఉత్తరపు ముక్కకి ఒకటి, మిగతా దేశానికి ఒకటి. ఉత్తరాన పుట్టిన మైత్రిలాంటివాళ్లు రెండింటిలో దేనికైనా ఆడవచ్చట. ఎటు వెళ్లాలో ఎవరికి వాళ్లే తేల్చుకోవాలి. వంటింట్లోంచి మా ఆవిడ, "అక్కడ కూడా విడగొట్టారా?" అంది. పైగా రెండు జట్ల చొక్కాలూ ఆకుపచ్చవేనట. నేను దాని మీద ఒక హాస్యం ఆడబోయి, పిల్ల ముఖం చూసి మానుకున్నాను.

మైత్రికి దక్షిణపు జట్టుకి వెళ్లాలని ఉంది. అది పెద్ద పోటీలకు వెళ్లే జట్టట. అయితే ఆరేళ్ల వయసు నుంచి మైత్రికి ఆట నేర్పిన ఆవిడ మోరా ఉత్తరపు మనిషి. పగలు బడిపిల్లల బస్సు నడిపి, సాయంత్రం వానలో నిలబడి ఆడపిల్లలకు ఆట నేర్పే మనిషి. తను తయారుచేసిన పిల్ల ఒకత్తి తన జట్టు చొక్కా వేసుకుంటే చూడాలన్నది ఆవిడ ఆశ. "మరి ఆవిడకి చెప్పావా?" అన్నాను. మైత్రి గోళ్లు చూసుకుంది. "లేదు తాతయ్యా. చాలా కాంప్లికేటెడ్. ఫామ్ పంపించేశాక అమ్మ చేత మెసేజ్ పెట్టిస్తాను, ఫ్యామిలీ రీజన్స్ అని" అంది.

ఫ్యామిలీ రీజన్స్ అనే మాట వినగానే నా ఎడమ కాలితో సహా అన్నీ సలపడం మొదలుపెట్టాయి. ఎందుకంటే ఆ వయసులో నేను కూడా సరిగ్గా అలాంటి పనే చేశాను. కాకపోతే మా కాలంలో ఫ్యామిలీ రీజన్స్ అనే మాట వాడుకలో లేదు. అందుకని కామెర్లన్నాను.

మా నాన్న తెనాలి దగ్గర నుంచి వచ్చి నాచారం ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో ఒక నూలు మిల్లులో టైమ్ కీపరుగా చేరాడు. మిల్లు వెనక రెండు గదుల ఇల్లు. ఒకవైపు నుంచి తడిసిన పత్తి వాసన, బాయిలరు పొగ వచ్చేవి. గాలి తిరిగితే ఉప్పల్ వైపు ద్రాక్షతోటల నుంచి మగ్గిన ద్రాక్ష వాసన వచ్చేది. అమ్మ గాలిని బట్టి బట్టలు ఏ తీగ మీద ఆరెయ్యాలో నిర్ణయించుకునేది. నాన్న మాత్రం గాలిని పట్టించుకోడు, ఆయనకి సైరనే దేవుడు. మొదటి సైరనుకి పళ్లపొడి, రెండో సైరనుకి కాఫీ, మూడో సైరనుకి సైకిలు. ఆదివారం సైరను మోగదు కాబట్టి ఆ రోజు కాఫీ గ్లాసు చేతిలో పట్టుకుని తాగాలా వద్దా అన్నట్టు కూర్చునేవాడు. అమ్మ వెనకనుంచి "కూఁ" అని కూస్తే తప్ప గ్లాసు పైకి లేచేది కాదు. ఇలాంటి ఇంట్లో పుట్టిన పిల్లవాడు ఎవరో ఒకరి కేకకి లొంగి బతకడం నేర్చుకుంటాడు. నేనూ నేర్చుకున్నాను. కాకపోతే నా సైరను పేరు మల్లేశం.

మల్లేశన్న అదే మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసేవాడు. కనుబొమలు ఎప్పుడూ సగం కాలి ఉండేవి. వయసులో ఉండగా సిటీలో క్లబ్బుల తరఫున ఉత్త కాళ్లతో ఫుట్‌బాల్ ఆడి, మోకాలు చెడగొట్టుకుని ఆపేశాడని చెప్పుకునేవారు. ఆయనగా ఎప్పుడూ చెప్పలేదు. రెండింటికి షిఫ్టు దిగి, ఇంటికెళ్లి అన్నం తిని, గంటసేపు పడుకుని, నాలుగున్నరకి మిల్లు గోడకీ ద్రాక్షతోట కంచెకీ మధ్య ఉన్న ఖాళీ జాగాకి వచ్చేవాడు. అక్కడ మేం పదకొండు మందిమి ఉండేవాళ్లం. పన్నెండో వాడు ఎప్పుడూ నిలవలేదు. బంతి కంచె దాటితే తోటమాలి తిట్లు తిని తెచ్చుకోవాలి, ఆ తిట్లకి తట్టుకోలేక మానేసేవారు. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాకు పదేళ్లు. మల్లేశన్న నన్ను ఒకసారి పరిగెత్తించి చూసి, "అత్తగారింటికెల్లి వచ్చిందార నీ ఎడమ కాలు? గంత మర్యాద జేస్తున్నవ్. దానికి గూడ పని జెప్పు" అన్నాడు. ఆ రోజు నుంచి మూడు నెలలు బడికి పోతూ వస్తూ ఎడమ కాలితోనే గులకరాయి తన్నుకుంటూ నడవాలని శిక్ష వేశాడు. నేను కుంటుతున్నానని అమ్మ కంగారుపడి కాలికి ఆముదం పట్టించింది. నాన్న దవాఖానాకి తీసుకెళ్లాడు. అక్కడ డాక్టరు నా కాళ్లు రెండూ కొలిచి, కొలత సమానంగానే ఉంది గానీ కుర్రాడి బుద్ధి కాస్త తేడాగా ఉందన్నాడు.

ఆయన దగ్గర ఇంకో పాఠం ఉండేది. అది వేరెవరైనా నేర్పగా నేను చూడలేదు. బాయిలరు దగ్గర పొగలో ఒకరి ముఖం ఒకరికి కనబడదు, మాట ఒకటే దిక్కు. అదే అలవాటు మా మీదా పెట్టాడు. తువ్వాలతో కళ్లకి గంతలు కట్టి, బంతి కాళ్ల దగ్గర పెట్టి, దూరం నుంచి కేక వేసేవాడు. "లే" అంటే తీసుకో, "పీఛే" అంటే వెనక్కి, "ఛోడ్" అంటే వదిలెయ్, బంతి నీది కాదు, వెనకవాడు చూసుకుంటాడు. కేక చెవిన పడ్డాక ఆలోచించకూడదు. ఆలోచించినవాడు ద్రాక్ష కంచె చుట్టూ ఐదు రౌండ్లు పరిగెత్తాలి. ముందు మేమంతా ఒకరినొకరు ఢీకొట్టుకుని ముక్కులు పగలగొట్టుకున్నాం. ఐదేళ్లు గడిచేసరికి ఆ గొంతు వినబడితే మా కాళ్లు మమ్మల్ని అడగడం మానేశాయి. మా గోల్‌కీపరు జంగయ్య అయితే వాళ్లింట్లో అన్నం తింటూ వీధిలో ఎవరో మేకని "ఛోడ్" అన్నారని పళ్లెంలో ముద్ద వదిలేశాడు.

ఆ రోజుల్లోనే ప్రభుత్వం మా జిల్లాని రెండు చేసింది. సిటీ ఒక జిల్లా, దాని చుట్టూ ఉన్నదంతా ఇంకో జిల్లా. గీత నాచారానికీ లాలాపేటకీ మధ్య ఎక్కడో పడింది. మాకది పట్టలేదు గానీ మల్లేశన్న ఆ రోజు షిఫ్టు బట్టలతోనే పరిగెత్తుకొచ్చాడు. "ఇగ మన జిల్లా మనదే. మన టీం మనదే. సిటీల పోరగాండ్ల ఎనక బెంచీ మీద కూసునుడు లేదు. మీరు పదకొండు మంది ఆడుతరు, జిల్లా పేరు మీద ఆడుతరు" అన్నాడు. ఆయన అంత మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు. ఎవరెవరి దగ్గరకో తిరిగి, రాష్ట్ర జూనియర్ పోటీల్లో కొత్త జిల్లాకి చోటు సంపాదించాడు. మిల్లులో పదకొండు బనీన్లు సేకరించి, బాయిలరు వేడినీళ్లలో ఊదారంగు కలిపి వాటిని ముంచి తీశాడు. రంగు సమంగా పట్టలేదు. ఒక్కో బనీను మీద ఒక్కో దేశపటం తయారైంది. వాటి మీద తెల్ల పెయింటుతో అంకెలు తనే వేశాడు. పదకొండు నంబరు, ఎడమ వైపు ఆడేవాడిది, నాది. ఆరేదాకా దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.

ఇక్కడ నా గొప్పతనం మొదలవుతుంది. లాలాపేట రైల్వే క్వార్టర్స్‌లో మా పెదనాన్న ఉండేవాడు, ఆయన దగ్గర మా నాయనమ్మ ఉండేది. సిటీ జట్టు ఎంపికలు జరుగుతున్నాయని, క్వార్టర్స్ గీతకి అవతల సిటీలోకే వస్తాయని, నేను నాయనమ్మ దగ్గర ఉంటున్నట్టు చూపిస్తే చాలని పెదనాన్న ఒక మాట అన్నాడు. అనేసి ఆయన మర్చిపోయాడు, నేను మర్చిపోలేదు. సిటీ జట్టుకి కాలరున్న పసుపు చొక్కాలు, తోలు బూట్లు ఉండేవి. గెలిస్తే పేపర్లో ఫోటో పడేది. నేను అద్దం ముందు నిలబడి పేపర్లో ఎలా నవ్వాలో అప్పటికే సాధన చేస్తున్నాను. ఆటోగ్రాఫు అడుగుతారేమోనని లెక్కల పుస్తకం వెనక సంతకం కూడా దిద్దుకున్నాను. ఎంపికలకి వెళ్లి ఎడమ కాలితో రెండు గోల్స్ కొట్టాను. ఆ కాలు ఎవరిచ్చారని అక్కడ ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు.

నాయనమ్మకి ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియదు. మనవడు రెండు నెలలు తన దగ్గర ఉంటాడన్నది మాత్రం తెలుసు, అది ఆవిడకి చాలు. పొద్దున్నే కుంపటి ముట్టించి, ముక్కుపొడుం ఒక పట్టు పీల్చి, తుమ్మి, ఆ తుమ్ముతో నన్ను లేపేది. రాత్రి పాలలో తోడేసి ఉంచిన చద్దన్నం, ఉల్లిపాయ, మాగాయ ముక్క నా ముందు పెట్టి, తినేదాకా కదలనిచ్చేది కాదు. సిటీ జట్టు తరఫున ఒక పెద్దమనిషి, నేను నిజంగా అక్కడ ఉంటున్నానో లేదో చూడడానికి వచ్చాడు. నాయనమ్మ ఆయన్ని కూర్చోబెట్టి, "వాడు పుట్టిందే ఈ గదిలో బాబూ. ఇదిగో, ఏడాదికోసారి ఈ గుమ్మం మీద గీతలు పెట్టాను, చూడండి, ఎలా ఎదిగాడో" అంది. గీతలు మా పెదనాన్న కొడుకువి. వాడు నాకన్నా జానెడు పొడుగు. పై గీత నా నెత్తికి చాలా పైన ఉంది. పెద్దమనిషి గీతనీ నన్నూ మార్చి మార్చి చూశాడు. "మొన్న విరేచనాలైతే కాస్త తగ్గాడు" అంది నాయనమ్మ తొణక్కుండా. ఆయన కాఫీ తాగుతూ, ఎన్నాళ్లుగా ఇక్కడ ఉంటున్నావు బాబూ అని నన్నే అడిగాడు. నేను నోరు తెరిచేలోపు నాయనమ్మ ఇంకో గ్లాసు కాఫీ ఆయన చేతిలో పెట్టి, వెర్రిముండాకొడుకుని ఏం అడుగుతారు నన్నడగండి అంది. పెద్దావిడ మాట కొట్టెయ్యలేక సంతకం పెట్టి వెళ్లిపోయాడు. నాయనమ్మ నా బుగ్గ పుణికి, "అబద్ధం ఆడితే ఆడాను గానీ, రెండు నెలలు నువ్వు నా కళ్లముందుంటావు" అంది. ఆవిడది ప్రేమ. నాది మాత్రం ఉత్త ఆశ, దానికి వేరే పేరు పెట్టడానికి లేదు.

ఇక మిగిలింది మల్లేశన్నకి చెప్పడం. లాలాపేట నుంచి బాయిలరు దాకా నడిస్తే అరగంట కూడా పట్టదు. వెళ్లి, అన్నా, నేను సిటీకి ఆడతాను అంటే అయిపోయేది. కోప్పడేవాడు, రెండు తగిలించేవాడు, లేదా పొమ్మనేవాడు. రోజూ రేపు చెబుదామనుకున్నాను. చివరికి జంగయ్యని పిలిచి, "కామెర్లని చెప్పరా. డాక్టరు రెండు నెలలు కదలొద్దన్నాడని చెప్పు" అన్నాను. జంగయ్య నా వైపు ఎగాదిగా చూశాడు. "నీ కండ్లు పచ్చగ లెవ్వు గని, నీ సొక్క పచ్చగైతదన్నట్టు. గాయనకు నేను అబద్ధం జెప్పాల్నా? జర ఇజ్జత్ ఉండాలె సత్తిగా" అన్నాడు. అన్నాడు గానీ, చిన్ననాటి స్నేహితుడు కదా, వెళ్లి చెప్పాడు. చెప్పేటప్పుడు నేల చూస్తూ చెప్పానన్నాడు.

మూడో రోజు మల్లేశన్న షిఫ్టు దిగి, ఇంటికి కూడా పోకుండా ఉప్పల్ చెరువు గట్టుకి వెళ్లి, నేల ఉసిరి మొక్కలు వేళ్లతో సహా పీకి, తడిగుడ్డలో చుట్టి మా నాచారం ఇంటికి తీసుకొచ్చాడు. కామెర్లకి అంతకన్నా మందు లేదని ఆయన నమ్మకం. అమ్మ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. తర్వాత ఆదివారం నేను ఇంటికి వెళ్లినప్పుడు జరిగిందంతా అమ్మే చెప్పింది. అమ్మ ఆశ్చర్యపోయిందట. "కామెర్లా? వాడికేం కామెర్లండీ! లాలాపేటలో వాళ్ల నాయనమ్మ దగ్గరుండి సిటీ తరఫున ఆడుతున్నాడు కదా. మీరే పంపించారనుకున్నానే" అందట. మల్లేశన్న చేతిలోని గుడ్డ మూట చూసుకున్నాడట. తర్వాత, "ఔనమ్మా, నేనే పంపిన. యాది మర్శిన" అన్నాడట. గుడ్డ మూట అమ్మ చేతిలో పెట్టి, "గీ ఆకు నూరి మజ్జిగల కలిపి మూడు దినాలు తాపియ్యమ్మా. కామెర్లు రాకున్నా మంచిదే" అని చెప్పి వెళ్లిపోయాడట. అమ్మ పెద్దవాళ్ల మాట జవదాటే మనిషి కాదు. ఆ ఆదివారం నన్ను గోడకి ఆనించి నిలబెట్టి, నాకు రాని కామెర్లకి ఆయన తెచ్చిన మందు గ్లాసుడు తాగించింది. మిగిలిన రెండు రోజుల మందు సీసాలో పోసి లాలాపేటకి ఇచ్చింది. అంత చేదు నేను జీవితంలో మళ్లీ తాగలేదు. సీసా పట్టుకుని వెనక్కి వెళ్లేటప్పుడు మిల్లు గేటు మీదుగా వెళ్లే ధైర్యం లేక హబ్సిగూడ చుట్టు తిరిగి వెళ్లాను.

మొదటి మ్యాచే సిటీకీ కొత్త జిల్లాకీ పడింది. నేను పసుపు చొక్కాలో బెంచీ మీద కూర్చున్నాను. బూట్లు కొత్తవి, మడమలు రెండూ కొరికేశాయి. మా వాళ్లు మిల్లు లారీ మీద వచ్చారు. ఊదా బనీన్లలో వరసగా దిగారు, పది మంది. పదకొండో వాణ్ని మల్లేశన్న వెతకలేదట. ఎవరినైనా తీసుకొద్దామని జంగయ్య అంటే, "బనీను ఒగరి పేరు మీద జేసిన. ఇంకొగరికి ఎట్లిస్త" అన్నాడట. ఇది నాకు తర్వాత తెలిసింది. ఆ క్షణంలో తెలిసింది ఒకటే. పసుపు చొక్కాల వాళ్లు ఆ బనీన్ల మరకలు చూసి పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఈ ఒక్క వాక్యం రాయకుండా దాటేద్దామని రెండు రోజులు చూశాను. నవ్వాను, అంతే. పక్కవాడి కంటే గట్టిగానే నవ్వాను.

పది మందీ ప్రాణం పెట్టి ఆడారు. సిటీవాళ్లు ఎటు నుంచి వచ్చినా మల్లేశన్న గీత అవతల నుంచి కేక వేసేవాడు, వాళ్లు కేకకి తగ్గట్టు కదిలేవారు. గంట దాటినా గోల్ పడలేదు. సిటీ కుర్రాడొకడికి పిక్క పట్టేసింది, నన్ను దింపారు. దిగిన ఐదు నిమిషాలకి కుడివైపు నుంచి బంతి గోల్‌పోస్టు ముందుగా నేల మీద దొర్లుకుంటూ వచ్చింది. జంగయ్య ముందుకొచ్చి జారిపడ్డాడు. గోల్ ఖాళీగా ఉంది, నేను ఒంటరిగా ఉన్నాను, బంతి నేరుగా నా ఎడమ కాలికే వస్తోంది. రెండేళ్ల పిల్లవాడైనా దాన్ని లోపలికి నెట్టగలడు. అప్పుడు గీత అవతల నుంచి "ఛోడ్!" అని వినబడింది. నా కాలు పైకి లేచింది. బంతి దాని కింద నుంచి దొర్లుకుంటూ, ఎవరికీ తగలకుండా, గోల్ పక్క నుంచి బయటకు వెళ్లిపోయింది. ఆయన కేక నాకు వేసింది కాదు. కాలు తగిలితే సొంత గోల్‌లోకే పోతుందని, ముందుకు దూకబోతున్న తన కుర్రాడికి వేశాడు. ఆ సంగతి నా కాలికి తెలియదు.

గ్రౌండంతా నవ్వింది. సిటీ కోచ్ ముఖం కందగడ్డలా అయింది. నన్ను పిలిచి కూర్చోబెట్టేశాడు, మళ్లీ ఏనాడూ దింపలేదు. మ్యాచ్ గోల్స్ లేకుండానే ముగిసింది. సిటీని పది మంది ఆపారంటే అది వాళ్లకి గెలుపు కిందే లెక్క. జంగయ్య ఒళ్లంతా మట్టితో నా దగ్గరికొచ్చి, "ఏదైతే ఏంది, పదకొండు మందిమి ఆడినట్టే అయ్యిందిర" అని నా వీపు చరిచాడు. నేను బూట్లు చేత్తో పట్టుకుని గేటు వైపు నడుస్తుంటే మల్లేశన్న ఎదురొచ్చాడు. తప్పించుకోవడానికి హబ్సిగూడ లాంటి చుట్టుదారి అక్కడ లేదు. ఆయన ఆగి, నా కళ్లలోకి కాసేపు చూశాడు. "కామెర్లు తగ్గినయా సత్తీ?" అన్నాడు. అది ఎత్తిపొడుపేమోనని ఆ ముఖాన్ని తర్వాత ఎన్ని వేలసార్లు గుర్తు చేసుకుని వెతికానో. ఎత్తిపొడుపు లేదు. నిజంగానే అడిగాడు, లేదా నా పరువు దక్కించడానికి నిజమైనట్టు అడిగాడు. "తగ్గినయ్ అన్నా" అన్నాను. "మంచిది. ఎండల తిరగకు" అని లారీ వైపు వెళ్లిపోయాడు. అవే మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు.

ఆ తర్వాత నేను ఫుట్‌బాల్ జోలికి పోలేదు. చదువుకున్నాను, ఏఎస్ రావు నగర్ వైపు ప్రభుత్వ ఫ్యాక్టరీలో స్టోర్సు గుమాస్తానయ్యాను. ఏ బోల్టు ఏ అరలో ఉందో కళ్లు మూసుకుని చెప్పగలిగేవాణ్ని, మల్లేశన్న శిక్షణ అలా అక్కరకొచ్చింది. మిల్లు మూతపడింది. ఆయన భువనగిరి దగ్గర అత్తగారి ఊరికి వెళ్లిపోయాడని విన్నాను. బస్సెక్కితే గంటన్నర ప్రయాణం. ప్రతి ఏడాదీ వెళ్దామనుకున్నాను, ప్రతి ఏడాదీ ఏదో ఒక పని దొరికేది. ఒకరోజు జంగయ్య మా ఆఫీసుకొచ్చి, కౌంటరు అవతల నిలబడి, "మల్లేశన్న పోయిండుర" అన్నాడు. సెలవు పెట్టాను. పెట్టి ఇంట్లో కూర్చున్నాను. చచ్చిపోయిన మనిషి ముఖం చూడడానికి కూడా నాకు సిగ్గేసింది. మేం ఆడిన జాగాలో ఇప్పుడు నాలుగంతస్తుల కోచింగ్ సెంటర్ ఉంది, ద్రాక్షతోటల మీద కాలనీలున్నాయి. మైత్రి ఆడే టర్ఫ్‌లో పిల్లలకి వీడియో తీసి చూపించి తప్పులు దిద్దుతున్నారు, ఎవరి కళ్లకీ గంతలు కట్టడం లేదు. ఇదే మంచి పద్ధతి అని ఒప్పుకుంటాను. ముక్కులు పగలడం లేదు. అయినా ఆ గొంతు ఇప్పుడు వినబడితే, ఈ పట్టేసిన తొడతో కూడా, నేను ఆగిపోతాననే అనుకుంటున్నాను.

ఇదంతా మైత్రికి ఒక మధ్యాహ్నం చెప్పాను. నాయనమ్మ గీతల దగ్గర కడుపు పట్టుకుని నవ్వింది. ఆకు మందు దగ్గర "యాక్" అంది. బంతి వదిలేసిన దగ్గర మంచం మీద దొర్లింది. కామెర్లు తగ్గాయా అన్న దగ్గర నవ్వు ఆగిపోయింది. చాలాసేపు ఫోను అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంది. "మీరైతే ఏ టీమ్‌కి వెళ్లేవారు తాతయ్యా, ఇప్పుడైతే?" అంది. "ఇప్పటికీ సిటీకే వెళ్తానేమో అమ్మా. తోలు బూట్లు తోలు బూట్లే. నువ్వు ఎటైనా వెళ్లు. అది నీ ఆట, నీ ఇష్టం. ఆవిడకి మాత్రం నువ్వే చెప్పు, నీ నోటితో చెప్పు" అన్నాను. అక్కడ అప్పుడు పొద్దున పదవుతోంది. మైత్రి లేచి తలుపు దగ్గరికి వెళ్లి, మళ్లీ తిరిగొచ్చి నా మంచం పక్కనే కూర్చుని, వీడియో కాల్ చేసింది.

తెర మీద తడి జుట్టుతో, ఎర్రటి బుగ్గలతో ఒకావిడ కనిపించింది. ఖాళీ బస్సులో డ్రైవరు సీట్లో కూర్చుని ఉంది. మైత్రి గబగబా చెప్పింది, నాకు సగమే అర్థమైంది. సౌత్ అన్న మాట అర్థమైంది, సారీ అన్న మాట చాలాసార్లు వినబడింది. ఆవిడ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. చెయ్యి ఒకటి కళ్లమీదికి వెళ్లింది. మైత్రి నా ముంజేయి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి ఆవిడ ఇటు తిరిగి, ముక్కు చీదుకుని, ఏదో చెప్పింది. తిరిగొచ్చాక గురువారం ప్రాక్టీసుకి రావాలని, మిగతా అమ్మాయిలకి కూడా స్వయంగా చెప్పాలని, లేటుగా వస్తే ఊరుకోనని అన్నదట. ఫోను ఆగిపోయింది.

మైత్రి చెంపలు తుడుచుకుంటూ నా మీద కోపంగా చూసింది. "మోరా ఏడ్చింది తాతయ్యా. తొమ్మిదేళ్లలో నేనెప్పుడూ చూడలేదు. మెసేజ్ పెట్టేసుంటే నేను ఇది చూడాల్సి వచ్చేది కాదు" అంది.

"అవునమ్మా, చూడాల్సి వచ్చేది కాదు" అన్నాను. "మా మల్లేశన్న ఏడ్చాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు."